పోస్టుకి తగలని బంతి

శ్రీకాకుళంలో ఉదయం పూట ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. కొత్తగా ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే: ఇండియా తరఫున అన్ని గోల్స్ ఎలా వేశారని. గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళ అమ్మలూ అదే అడుగుతారు, కాకపోతే వాళ్ళ గొంతులో కొంచెం అనుమానం కూడా ఉంటుంది. దేశం తరఫున అందరికంటే ఎక్కువ గోల్స్ వేసిన ఆడపిల్లగా నా పేరు చెబుతారు, నిజమే. ఆ లెక్క ఇక్కడ రాయను. కావలసినవాళ్ళకు ఫోన్లో దొరుకుతుంది. ఏ పతకం ఎప్పుడొచ్చిందో, ఎవరు శాలువా కప్పారో కూడా రాయను. ఈ పనిలోకి రాబోయే పిల్లలకు పనికొచ్చేది నా దగ్గర ఏదైనా ఉంటే, అది గోల్స్ పడని కాలంలో నేర్చుకున్నదే.

స్ట్రైకర్ పని గోల్ వేయడమని బయటివాళ్ళు అనుకుంటారు. ఆ పనిలో గోల్ వేయడం చాలా చిన్న ముక్క. మిగతాదంతా రాని బంతి కోసం పరుగెత్తడం, పరుగెత్తి ఉత్త కాళ్ళతో వెనక్కి నడిచి రావడం. వెనక ఒక డిఫెండర్ మీ చొక్కా పట్టుకుని, మోచేత్తో పక్కటెముకల్లో పొడుస్తూ, మీకు అర్థంకాని భాషలో మీ ఇంటివాళ్ళను తిడుతూ ఉంటుంది. ఆమె మీద కోపం తెచ్చుకుంటే ఆ పూట మీ ఆట అయిపోయినట్టే. నేను మనసులోనే ఆమెకో దండం పెట్టుకునేదాన్ని. ఆమె అంత గట్టిగా పట్టుకోకపోతే అంత గట్టిగా విడిపించుకోవడం నాకు వచ్చేది కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు, పనికొచ్చింది కాబట్టి చెబుతున్నాను.

ఇంకో మాట. మ్యాచ్‌కు ముందు గోల్ ఇప్పించమని నేను దేవుణ్ణి అడిగేదాన్ని కాదు. అవతలి కీపర్ కూడా ఎవరో ఒకరికి మొక్కుకునే వచ్చి ఉంటుంది.

పడవల మధ్య

మాది కళింగపట్నం. నాన్న గుడిలో సన్నాయి వాయించేవారు. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడి దుమ్ము పడదని డాక్టరు అంటే నాన్న ఇంట్లోనే చదువు మొదలుపెట్టారు. ఆయాసం తగ్గింది గాని, నన్ను బడికి పంపాలన్న సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయారు.

నాన్న సన్నాయి ఎలా నేర్పేవారో చదువూ అలాగే చెప్పేవారు. తప్పు వస్తే తిట్టడం లేదు, చెవి మెలిపెట్టడం లేదు. "మళ్ళీ మొదటినించమ్మా" అనేవారు, అంతే. పద్యమైనా ఎక్కమైనా తప్పు పోయిన చోటునుంచి కాదు, మొదటినుంచి అందుకోవాలి. తప్పు దిద్దించుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నాకు ఆ ఇంట్లోనే అలవాటైంది. ఇప్పటి పిల్లల్లో చాలామంది కోచ్ ఒక మాట దిద్దితే నలుగురిలో పరువు పోయినట్టు మొహం పెడతారు. వాళ్ళలో కాళ్ళలో ఆట ఉన్నవాళ్ళు కూడా ఎక్కువ దూరం పోరు.

చదువయ్యాక సముద్రం ఒడ్డుకు పోయి చేపలవాళ్ళ పిల్లలతో ఆడేదాన్ని. ఒడ్డుకు లాగి పెట్టిన రెండు పడవల మధ్య ఖాళీయే మా గోల్. పడవల ముక్కు దగ్గర పసుపు, కుంకుమ బొట్లు ఉండేవి. వాటిని కాలితో తాకకూడదు. కాలితో తన్నిన బంతి తాకినా కాలితో తాకినట్టే. బంతి పడవకు తగిలితే ఆట అక్కడికక్కడే ఆగిపోయేది. తన్నినవాళ్ళు దోసిట్లో సముద్రపు నీళ్ళు తెచ్చి తగిలిన చోట పోసి, చేత్తో ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. ఆ తర్వాతే మళ్ళీ ఆట. ఈ నియమం పెట్టింది అప్పన్న మావ. ఆయన మా చుట్టం కాదు, ఊరివరసకు మావ. ఆ పడవల్లో ఒకటి ఆయనది.

నియమం కంటే మరునాటి పొద్దే పెద్ద భయం. పడవలు వేట నుంచి ఖాళీగా తిరిగొస్తే, గంపలతో ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు మా వైపు తిరిగేవారు. "నిన్న పడవకి బంతి కొట్టినదెవులే?" అని వాళ్ళలో ఒకరు అడిగేవారు. ఒకసారి అది నేను. ఆ వారమంతా వేట సరిగ్గా పడలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. రోజూ దారిలో పలకరించే నూకాలమ్మత్త, అంటే అప్పన్న మావ భార్య, ఆ వారం తలవంచుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ పొయ్యి మీద ఆ వారం ఏం ఉడికిందో నాకు తెలుసు.

ఆ తర్వాత నా బంతి ఏ పడవకూ తగల్లేదు. ఎంత దగ్గరగా వేసినా పడవకూ బంతికీ మధ్య జానెడు జాగా ఉండేది. ఒడ్డున చూసేవాళ్ళు దాన్ని గురి అనుకున్నారు. నేనూ గురే అనుకున్నాను.

గోల్స్ పడుతున్నన్నాళ్ళు

విజయనగరంలో జిల్లా సెలక్షన్లకు వెళ్ళినప్పుడు అక్కడి కోచ్ సార్ నా ఆట కాసేపు చూసి, "తన్నకమ్మా, పెట్టు" అన్నారు. బంతిని బలం కొద్దీ తన్నకుండా, గూట్లో దీపం పెట్టినట్టు కావలసిన చోట పెట్టమని ఆయన అర్థం. మంచి మాట. ఇప్పుడు మా పిల్లలకు నేనూ అదే చెబుతాను. అక్కడినుంచి రాష్ట్రం, రాష్ట్రం నుంచి దేశం. ప్రతిచోటా నా గోల్ ఒకే తీరు: నేలబారున జారుతూ, గోల్ పోస్టుకు జానెడు లోపలనుంచి వెళ్ళే బంతి.

నేను తన్నిన బంతి పోస్టుకు కొట్టుకుని వెనక్కి రావడం తానెన్నడూ చూడలేదని టీవీలో ఒక వ్యాఖ్యాత అన్నాడట. అందరూ అది పొగడ్తగానే విన్నారు. నిజానికి స్ట్రైకర్ బంతి అప్పుడప్పుడు పోస్టుకు తగలాలి. ఎన్నడూ తగలడం లేదంటే ఆమె అసలు మూలకు వేయడం లేదన్నమాట. ఇంత చిన్న సంగతి ఏ కోచ్‌కూ తట్టలేదు. గోల్స్ పడుతుంటే ఎవరికి తడుతుంది? నేను చూసినంతలో మన దగ్గర కోచ్‌లు ఓడినవాళ్ళను దిద్దుతారు, గెలిచినవాళ్ళతో ఫోటో దిగుతారు. గెలుస్తున్నప్పుడు మీ తప్పు మీరే వెతుక్కోవాలి. లేకపోతే అవతలి జట్టు వెతికిపెడుతుంది.

నాకు అలాగే జరిగింది. బయటి దేశంలో ఒక మ్యాచ్‌లో నేను వేసిన బంతినల్లా వాళ్ళ కీపర్ ఆపేసింది. చివర్లో చేతులు కలిపేటప్పుడు ఆమె నా మణికట్టు పట్టుకుని పోస్టు దగ్గరకు తీసుకెళ్ళింది. ఇద్దరికీ కలిసిన భాష లేదు. పోస్టుకు బొటనవేలు ఆనించి జాన కొలిచి, చిటికెనవేలు ఆగిన చోట చూపించి నా గుండె మీద తట్టింది. అంటే నీ బంతి ఇక్కడికే వస్తుందని. తర్వాత ఆ జానెడు ఖాళీని చూపించి వేలు అడ్డంగా ఊపింది. అంటే ఇక్కడికి ఎప్పుడూ రాదని. నవ్వి వెళ్ళిపోయింది. అది వెక్కిరింతో సాయమో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. ఆమెకు ఋణపడ్డాననే అనుకుంటాను.

ఆమెకు తెలిసింది మిగతావాళ్ళకూ తెలిసింది. తర్వాత కీపర్లందరూ ముందే ఆ చోటికి ఒరిగేవారు. ఒక సీజన్ అంతా నాకు ఒక్క గోల్ పడలేదు.

మేడమ్

అప్పటికి జట్టుకు కొత్త కోచ్ వచ్చారు. ఆవిడ ఒకప్పుడు డిఫెండర్. మాట్లాడేది హిందీ; నేను తెలుగులో రాస్తున్నాను. క్యాంపు మొదటి రోజునే నన్ను పక్కకు పిలిచి, వచ్చే టోర్నమెంటులో మొదటి మ్యాచ్ నన్నే ఆడిస్తానని, అందులో కుదరకపోతే ఆ చోటు రోజీదని చెప్పారు.

"ఆ తర్వాత నిన్ను క్యాంపుకు పిలవను. బెంచీ మీద కూర్చోబెట్టి నీ పేరు అరగదీయను" అన్నారు.

నా ఉద్యోగ జీవితంలో ఇంత సూటిగా మాట్లాడిన పైవాళ్ళు చాలా తక్కువ. మిగతావాళ్ళు ముందు నవ్వి, తర్వాత మరొకరి చేత చెప్పించేవారు. కానీ నా వయసుకు ఒకసారి బయటికి పోతే మళ్ళీ లోపలికి రావడం ఉండదు. నాకు ఇంకో పని రాదు.

రోజీ జార్ఖండ్ పిల్ల. నాకంటే చాలా చిన్నది, నాకంటే చాలా వేగం, ప్రతిదానికీ నవ్వుతుంది. గోల్ ముందు కొంచెం తొందరపడేది, అదొక్కటే తక్కువ.

కీపర్ చూపించిన జానెడు సంగతి మేడమ్‌కు చెప్పాను. ఆవిడ కీపర్‌ను పక్కకు తప్పుకోమని, ఖాళీ గోల్ ముందు నన్ను నిలబెట్టి, పోస్టుకే గురిపెట్టి కొట్టమన్నారు. కొట్టాను. బంతి జానెడు లోపలనుంచి వెళ్ళింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. పోస్టునే చూస్తూ, పోస్టుకే తగలాలని అనుకుంటూ కొట్టినా కాలు మడమ దగ్గర తనంతట తాను తిరిగిపోయేది. చాలాసేపటికి, అలసిపోయాక, ఒకటి తగిలింది. ఖంగుమంది. నేను పరుగెత్తుకెళ్ళి పోస్టును ముట్టుకుని చెయ్యి కళ్ళకద్దుకున్నాను.

"దీదీ, పోస్టుకి కూడా పూజా? ఉండు, హారతి తెస్తాను" అంది రోజీ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. ఇన్నేళ్ళూ నా కాలు ఏ పోస్టునూ పోస్టుగా చూడలేదని అప్పుడు తెలిసింది.

మేడమ్‌తో పడవల సంగతంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ నియమం పెట్టినాయన ఉన్నారా అని అడిగారు. ఉన్నారన్నాను.

"వెళ్ళి అడిగి రా. నేను చెబితే నీ కాలు వినదు" అన్నారు.

అప్పన్న మావ ఏమన్నాడు

ఆమదాలవలసలో రైలు దిగి, శ్రీకాకుళం మీదుగా బస్సులో ఊరు చేరాను. ముందు నాన్నను అడిగాను. ఆయన సన్నాయి తుడుచుకుంటూ అంతా విన్నారు. "సన్నాయి మాటైతే నేను సెప్పగలనమ్మా. పడవ మాట అప్పన్ననడుగు" అన్నారు. తనకు తెలియనిదాంట్లో ఆయన ఎన్నడూ వేలు పెట్టలేదు.

అప్పన్న మావ ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన నూకాలమ్మత్త ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఏటే పైడీ, ఆట రోజుల్లో వచ్చినావు? ఆట మానేసినావేటి?" అన్నాడు.

"మానేయలేదు మావా. మాన్పించేలాగున్నారు" అని జరిగిందంతా చెప్పాను. ఆయన తలెత్తలేదు. వల కన్నాల్లో సూది ఆడిస్తూనే ఉన్నాడు.

"ఆ గోల్ కాడున్నది కర్రా, ఇనుమా?"

"ఇనుమే. పైన తెల్లరంగు."

"దానికి పసుపెట్టినారా?"

"లేదు మావా."

"దాన్నెక్కి ఎవులైనా వేటకెల్లినారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మరేటే గుంటా. మా పడవ నీటిలోకి తీసుకెల్తాది, మళ్ళీ ఒడ్డుకి తెస్తాది. అందుకని దాన్ని కాల్తో తాకనీము. ఆ గొట్టం నిన్నెక్కడికి తీసుకెల్తాది? అడ్డంగా నిలబడి ఉన్నాది. అడ్డమున్నదాన్ని కొట్టుకో."

నూకాలమ్మత్త చేపల మీదనుంచి కళ్ళు తిప్పకుండానే, "కొట్టినాక ఓపాలి దండమెట్టుకో. పోయిందేటున్నాది" అంది.

"అదుగో. నానొకటి సెప్తే దీనికింకోటి" అన్నాడు మావ.

"నువ్వు సెప్పినది దాని కాలికి. నాను సెప్పినది దాని మనసుకి" అందామె. ఆ పూట నాకు వాళ్ళింట్లోనే అన్నం పెట్టారు. చిన్నప్పుడు ఆమె నన్ను పలకరించకుండా వెళ్ళిపోయిన వారం గురించి ఎవరమూ ఎత్తలేదు.

కాలికి చెప్పడం

అనుమతి చెవికి వచ్చింది, కాలికి రాలేదు. అప్పన్న మావ మాటతో మరునాటినుంచి బంతులన్నీ మూలకు వెళ్ళిపోయాయని రాస్తే బాగుంటుంది గాని అలా జరగలేదు. క్యాంపులో రోజూ ఆట ముగిశాక నేను ఒక్కదాన్నే ఉండిపోయి పోస్టుకు కొట్టేదాన్ని. తప్పితే నాన్న చెప్పినట్టు మొదటినుంచి: బంతి పెట్టడం, వెనక్కి అడుగులు, ఊపిరి, కాలు. మైదానం చూసుకునే పెద్దాయన గేటు తాళం పట్టుకుని విసుక్కోకుండా కూర్చునేవాడు. ఆయన పేరు ఏ పత్రికలోనూ రాలేదు కాబట్టి ఇక్కడైనా ఆయన్ను తలుచుకుంటున్నాను.

మెల్లగా బంతి పోస్టుకు తగలడం మొదలైంది. తగిలినప్పుడల్లా నా చెయ్యి కళ్ళదాకా వెళ్ళేది. కొన్నాళ్ళు మేడమ్ ఏమీ అనలేదు. ఒకరోజు దగ్గరకొచ్చి, నేను కొట్టిన బంతి పోస్టుకు తగిలాక ఎక్కడికి పోయిందని అడిగారు. నాకు తెలియదన్నాను.

"తెలియదు, ఎందుకంటే అప్పుడు నీ కళ్ళు మూసుకుని ఉన్నాయి. పోస్టుకు తగిలిన బంతి వెనక్కి వస్తుంది. స్ట్రైకర్ ఉండేది ఆ బంతి కోసమే."

ఆవిడ నా భక్తిని తప్పు పట్టలేదు, వేళను తప్పు పట్టారు. ఆ రాత్రంతా ఆలోచించానని చెప్పను. ఆవిడ మాట వినగానే సరే అనిపించింది. దండం మానను, ఆట అయ్యేదాకా బాకీ పెట్టుకుంటాను అనుకున్నాను. దేవుడు ఆ మాత్రం ఆగగలడు. బంతి ఆగదు.

ఆ మ్యాచ్

మొదటి సగంలో నాకు ఒకే అవకాశం వచ్చింది. భయంతో పాత పద్ధతిలోనే వేశాను. కీపర్ అప్పటికే అక్కడ పడుకుని ఉంది. విరామంలో మేడమ్ నా వైపు చూడలేదు. రోజీని లేపి మైదానం అంచున ఒళ్ళు వేడెక్కించుకోమన్నారు. నేను నీళ్ళు తాగుతూ ఆ పిల్ల పరుగు చూశాను. బాగా పరుగెత్తుతోంది. ఆ చోటుకు ఆమె తగినదేనన్న సంగతి నాకు స్పష్టంగా కనపడింది. దానివల్ల నా భయం పెరగలేదు, తగ్గింది. నేను పోయినా జట్టు ఉంటుంది.

రెండో సగం మొదలైన కాసేపటికి కుడివైపునుంచి పాస్ వచ్చింది. డిఫెండర్ నా చొక్కా పట్టుకునే ఉంది. విడిపించుకుని మూలకు కొట్టాను. కీపర్ నా పాత చోటికి ఒరిగింది. బంతి ఆమె చేతిని దాటి పోస్టుకు తగిలి, గీత లోపలికి పోకుండా వెనక్కి వచ్చింది.

నా చెయ్యి లేచింది. నడుం దాటి లేచిందని తర్వాత వీడియోలో చూశాను. అక్కడే ఆగింది. కళ్ళు తెరిచే ఉంచాను. బంతి నా ఎడమకాలి ముందుకే వచ్చింది. తన్నలేదు, పెట్టాను.

ఆ మ్యాచ్ ఆ గోల్‌తోనే గెలిచాం. రిఫరీ చివరి విజిల్ ఊదాక పోస్టు దగ్గరకు వెళ్ళి బాకీ తీర్చుకున్నాను. తర్వాతి మ్యాచ్‌లనుంచి కీపర్లకు ఎటు ఒరగాలో తెలియలేదు. ఇప్పుడు అందరూ చెప్పుకునే లెక్కలో చాలా భాగం ఆ రోజు తర్వాత చేరిందే. రోజీ ఇంకా ఆడుతోంది, ఆ లెక్కకు దగ్గరపడింది. దాటాలని ఉదయం దీపం పెట్టేటప్పుడు కోరుకుంటాను. ఇది నా మంచితనం కాదు. మొదట్లో ఆమెకు ఆ చోటు ఇవ్వకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.

నన్ను ఉంచుతున్నట్టు మేడమ్ నోటితో చెప్పలేదు. మరునాడు ప్రాక్టీసులో ఆడే పదకొండుమందికి పచ్చ బనీన్లు, మిగతావాళ్ళకు నారింజవి విసిరారు. నాకు పచ్చది వచ్చింది. రోజీకి నారింజ. ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాం. ఒకరి చోటు నిలిచిందంటే ఇంకొకరికి అది అందలేదని ఆ రంగులు చూస్తే తెలుస్తుంది. ఆ పిల్ల మొదటిసారి నవ్వకుండా ఉంది.

"దీదీ, ఇంకా ఎన్నాళ్ళు?" అంది.

"నువ్వు నాకంటే బాగా వేసేదాకా."

కాసేపు లేసులు బిగించుకుంది.

"అయితే నువ్వే నేర్పు. నాకు తొందరగా ఉంది" అంది.

నేర్పితే నా చోటు నేనే ఖాళీ చేసుకున్నట్టు. నేర్పనంటే నాకు నేర్పినవాళ్ళ మొహాలు మళ్ళీ ఎలా చూడాలి?

"ప్రాక్టీసు అయ్యాక వెళ్ళిపోకు. నాతో ఉండు" అన్నాను.